కౌసల్య కోలుకున్న విధం బెట్టిదనిన

గట్లకుంట ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి గది కప్పు, ప్రారంభోత్సవం జరిగి ఏడాది నిండకముందే, ఎవరికీ నోటీసు ఇవ్వకుండా ఒక మధ్యాహ్నం కిందికి దిగింది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది జులై నెల, ముసురు పట్టిన రోజు. మానుకోట నుంచి గూడూరు వైపు పోయే తోవలో ఎడమ చేతి పక్కన కనిపించే ఊరే గట్లకుంట. ఆ చప్పుడుకు ఊళ్లో బర్రెలు తలుగులు తెంపుకున్నాయి. అధికారులు మాత్రం నిబ్బరం కోల్పోలేదు.

వెంటనే విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు హన్మంత్ పటేలు. ఆ గదిని గుత్తకు తీసుకుని కట్టించింది కూడా ఆయనే కాబట్టి, దాని లోతుపాతులు ఆయనకంటే తెలిసినవాళ్లు దొరకరని అందరూ ఒప్పుకున్నారు. వాన కురవడం వల్ల కప్పు తడిసింది, తడవడం వల్ల బరువెక్కింది, బరువెక్కిన వస్తువు కిందికే పడుతుంది తప్ప పైకి పోదు అని సంఘం తేల్చింది. సదరు వాన గట్లకుంట పొలిమేరల్లో పుట్టింది కానందున ఊళ్లో ఎవరిపైనా చర్య అవసరం లేదంది. నాలుగు గోడలూ నిలబడినందుకు గుత్తేదారును మనసారా అభినందించింది. గుత్తేదారు వినయంగా ఆ అభినందనను స్వీకరించి, అధ్యక్ష హోదాలో దాని కింద సంతకం పెట్టారు.

కప్పు పడినప్పుడు దాని కింద ఇద్దరు ఆడపిల్లలున్నారు. మిగతా పిల్లలు బువ్వకు ఇళ్లకు పోయారు. తారిది గూడూరు వైపు తండా. అంత దూరం పోయి రాలేక గదిలోనే సద్ది విప్పుకునేది. కౌసల్యది ఊరే, ఇల్లు నాలుగు అంగల్లో ఉంటుంది. అయినా తారి ఒక్కతే తింటుందని తన గిన్నె కూడా బడికే తెచ్చుకునేది. ఆ రోజు చేజారిన పచ్చిమిరపకాయ కోసం కౌసల్య బెంచీ కిందికి దూరింది. అంతే, కప్పు దిగింది. బెంచీ కౌసల్యను కాచింది. తారి ఎడమ కాలు దూలం కింద ఇరుక్కుంది. గడ్డపారలు తెచ్చి, లోపలికి ముందు ఎవరు పోవాలన్న చర్చ ముగించి, మట్టి తోడేసరికి పొద్దు గుంకింది. అంతసేపూ ఆ చీకట్లో కౌసల్య తారి చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు. తారికి గుర్తుంది.

"ఎక్కాలు చెప్పినవే. పదిహేడో ఎక్కం మొత్తం తప్పు చెప్పినవ్. పాణం పోతున్నా అదే బాధ నాకు" అంటుంది తారి.

తారి కాలు దవాఖానలో నిలబడింది గానీ మడత పడడం మానుకుంది. కర్ర లేకుండా నడవలేకపోయేది, తండా నుంచి అంత దూరం రాలేకపోయేది. వరసగా బడికి రాని విద్యార్థుల పేర్లు కొట్టేయాలన్న నిబంధనను ప్రధానోపాధ్యాయుడు బాలనర్సయ్య సారు ఎన్నడూ మీరినవారు కారు. తారి పేరు కొట్టేశారు.

కౌసల్య ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ కప్పున్న చోటికి పోవడం మానేసింది. మంచం వాకిట్లో వేసుకునేది. వాన వస్తే గోనెసంచి కొప్పెర కప్పుకుని మంచం మీదే కూర్చునేది. బడిలో తరగతిని పక్క గదిలోకి మార్చినా, పదిహేనేళ్ల పిల్ల కిటికీ అవతల నిలబడి, చువ్వల్లోంచి పాఠం వినేది.

"లోపటికి రా బిడ్డా, ఇది మన ఇల్లు. మీ తాత కట్టిండు, పటేలు కాదు" అని తల్లి సోమక్క బతిమాలేది.

"నాకెరికే అవ్వా. నా కాళ్లకే ఎరికైతలేదు" అనేది కౌసల్య.

ఊరంతా ఏకమై వైద్యం మొదలుపెట్టింది, కప్పులకు కాదు, కౌసల్యకు. ఒకాయన నిమ్మకాయలు కోశాడు. ఒకామె వేపమండలతో కొట్టింది. బాలనర్సయ్య సారు ధైర్యం గురించి ప్రత్యేక ఉపన్యాసం ఇచ్చారు. గది మధ్యలో నిలబడి ఇద్దామనే అనుకున్నారు గానీ, కప్పు పడిన నాటి నుంచి సార్లందరూ గుమ్మంలో నిలబడే పాఠం చెబుతున్నారు. గాలి కోసం. హన్మంత్ పటేలు స్వయంగా వచ్చి పండ్ల బుట్ట ఇచ్చి, "ఒక్కపారి పడ్డ కప్పు మళ్ల పడదు బిడ్డా, ఇంక పడెటందుకు ఏమున్నది?" అని ఓదార్చారు. ఆ మాటలోని తర్కాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

సరిగ్గా అప్పుడే దేవుడు గట్లకుంటకు జైపాల్ గారిని పంపాడు.

జైపాల్ గారు పటేలుకు బామ్మర్ది, జనగామ వాస్తవ్యులు, కౌమార సాహిత్యంలో కృషి చేస్తున్న యువ రచయిత. అప్పటికి వారి రచనలు ఏవీ అచ్చు కాలేదన్నది నిజమే. ఆ కృషి అంతా అచ్చు కోసమే. అది బాలల సంవత్సరం. దెబ్బ తిన్న పసి మనసులు తిరిగి కోలుకోవడం గురించి పెద్ద పిల్లల కోసం నవలలు రాయండి, బహుమతి ఇస్తామని పట్నంలో ఒక సంస్థ ప్రకటించింది. జైపాల్ గారి దగ్గర ప్రకరణాలన్నీ సిద్ధంగా ఉన్నాయి: పిడుగుపాటు, కన్నీరు, పెద్దల హితబోధ, తొలి అడుగు, వెనుకంజ, విజయం. దెబ్బ తిన్న పసి మనసు ఒక్కటే తక్కువైంది. అక్కయ్య ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినప్పుడు కిటికీ బయట నిలబడ్డ కౌసల్యను చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

పటేలుకు కూడా ఈ ఆలోచన నచ్చింది. పిల్ల కోలుకున్నట్టు పుస్తకం వస్తే, ఇక కప్పు సంగతి అడిగేవాడు ఉండడు. పడిన గదిని మళ్లీ కట్టే పని కూడా, అనుభవం ఉంది గనుక, ఆయనకే వచ్చింది. నవంబరు పద్నాలుగున, బాలల దినోత్సవం నాడు, కొత్త గది ప్రారంభం, పుస్తకావిష్కరణ, కౌసల్య కోలుకోవడం మూడూ ఒకే పందిట్లో జరపాలని తీర్మానించారు.

జైపాల్ గారు రోజూ కిటికీ బయటికి కుర్చీ వేయించుకుని కౌసల్య ఎదుట కూర్చునేవారు. ఆమె నిట్టూరిస్తే రాసుకునేవారు. తుమ్మినా రాసుకునేవారు. నెల తిరిగేసరికి ఆయన నాలుగో ప్రకరణానికి చేరుకున్నారు. కౌసల్య మొదటి ప్రకరణంలోనే ఉంది.

"ఇయ్యాల తొలి అడుగు రాయాలె బిడ్డా. జర గడప దాటు. ఒక్క కాలు చాలు" అన్నారాయన.

"తారి ఏ ప్రకరణంల ఉన్నది సారూ?"

జైపాల్ గారు కలానికి మూత పెట్టారు. "తారి ముచ్చట వేరే. నవల నూరు పేజీలల్ల అయిపోవాలె. గంతట్ల ఆ కాలు మంచిగ కాదు."

"కాకపోతే ఏందట?"

"చదివెటోళ్లు బాధపడుతరు. పిల్లల పుస్తకం కదా. నవలల నువ్వొక్కదానివే ఉంటవు. పట్టు వస్తది."

 కప్పు పడిన నాటి నుంచి ఆమెకు ఏడుపు వచ్చింది, భయం వచ్చింది, నిద్ర రాకపోవడం వచ్చింది. కోపం రావడం ఇదే మొదలు. ఆ కోపంతో పాటే, చాలా రోజుల తర్వాత, ఒక కొంటె ఆలోచన కూడా వచ్చింది.

"తారిని బడికి తీస్కరా సారూ. నీ తొలి అడుగు నేనేస్త."

ముద్రణాలయం వారు తొందర పెడుతున్న రోజులవి. జైపాల్ గారు పటేలు కాళ్లావేళ్లా పడ్డారు. బాలనర్సయ్య సారు కొట్టేసిన పేరును దయతో మళ్లీ రాశారు. మర్నాటి నుంచి పటేలు జీపు తండాకు పోయి తారిని బడికి తెచ్చింది. తారి కర్ర ఊపుకుంటూ దిగి, "ఏందే, నువ్వు భయపడితే నాకు జీపొచ్చె!" అంది. కౌసల్య గడప మీద కుడికాలు పెట్టింది. జైపాల్ గారు ఆ కాలు గురించి ఏడు పేజీలు రాశారు.

రెండో రోజు జీపు పొద్దున వచ్చింది గానీ, సాయంత్రం దించడానికి రాలేదు. ఆ మర్నాడు కౌసల్య కాలు గడప మీది నుంచి వెనక్కి వచ్చింది.

"ఇదేంది బిడ్డా?" జైపాల్ గారు కంగారుపడ్డారు.

"వెనుకంజ ప్రకరణం ఉన్నదని నువ్వే చెప్తివి గద సారూ."

జీపు సాయంత్రం కూడా రావడం మొదలైంది. కాలు తిరిగి గడప ఎక్కింది. తారి మెట్లెక్కలేక జారినప్పుడు మళ్లీ దిగింది. మెట్ల పక్కన ఏటవాలు బాట పోయించాక ఎక్కింది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి తలుపు లేదని ఇంకోసారి దిగింది. గట్లకుంట ఉన్నత పాఠశాల చరిత్రలో ఏ అర్జీకీ కదలని పనులు ఒక పిల్ల కుడికాలికి కదిలాయి. వెనుకంజ ప్రకరణం నలభై పేజీలకు పెరిగి, నవలకు మంచి బలం వచ్చింది.

ఒక మధ్యాహ్నం డ్రిల్లు సారు మైదానంలో ఈల ఊదాడు. కుర్చీలో ఉన్న జైపాల్ గారు హఠాత్తుగా కనిపించలేదు. కౌసల్య వంగి చూస్తే, రచయిత కుర్చీ వెనక, గోడ మూలకు ముడుచుకుని, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఉన్నారు. నుదుటి మీద చెమట.

"సారూ, సారూ! గది డ్రిల్లు సీటీ. ఏం కాదు" అందామె. ఎందుకో తానూ పక్కన కూర్చుంది.

కాసేపటికి ఆయన చేతులు దించారు. అక్షరాలు కూడబలుక్కున్నట్టు చెప్పారు. "అరవై తొమ్మిదిల నేను కాలేజీ పోరగాన్ని. జనగామల తెలంగాణ కోసం జులూసు పోయినం. ముందుగాల పోలీసోళ్లు సీటీ ఊదిన్రు. ఎనుకనుంచి లాఠీలు. నా పక్కకున్న దోస్తు కిందపడ్డడు. నేను ఆగలే. ఉరికిన. వాడు బతికిండు, మంచిగనే ఉన్నడు, దుకాణం పెట్టుకున్నడు. నాకే, సీటీ ఇంటే గిట్లయితది."

"ఎన్నేండ్లయింది సారూ?"

"పదేండ్లు."

"పదేండ్ల సంది నువ్వే కోలుకోకపోతివి. నన్ను కార్తీక మాసంల కోలుకొమ్మంటున్నవేంది?"

 ఆయన ముఖం అప్పుడు రచయిత ముఖంలా లేదు, కాలేజీ పిల్లవాడి ముఖంలా ఉంది. కౌసల్యకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది. "ఇది రాయి సారూ, నీ ముచ్చట. మంచిగుంటది" అంది.

"దీనికి చివరి ప్రకరణం లేదు బిడ్డా" అని ఆయన లేచి ధోతి దులుపుకున్నారు.

నవంబరు పద్నాలుగు రానే వచ్చింది. సముద్రంలో ఎక్కడో తుఫాను పట్టి గట్లకుంట మీద మబ్బులు మూగాయి. కొత్త గది గులాబి రంగు సున్నంతో పెండ్లికూతురిలా ఉంది. గుమ్మానికి రిబ్బను కట్టారు. బయట శామియానా, లోపల ముఖ్య అతిథులకు కుర్చీలు. విద్యాశాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. కార్యక్రమం ప్రకారం ఉపన్యాసాలు కాగానే కౌసల్య రిబ్బను కత్తిరించి గదిలోకి నడవాలి, పెద్దలు ఆమె వెంట నడిచి లోపల ఫలహారం చేయాలి.

పటేలు మైకు పుచ్చుకున్నారు. "సోదర సోదరీమణులారా! కప్పు పడుట పెద్ద విషయము కాదు. కప్పులు పడుచుండును, మళ్లీ లేచుచుండును. మనసు పడకూడదు! ఈ బాలిక మనసు పడినది, లేచినది. ఈ ఘనత ఎవరిది? నేను చెప్పను. ఆనాడు ఆ కప్పే పడకున్నచో ఈనాడు మనకు ఈ ఉత్తమ నవల దక్కి ఉండెడిదా?"

చప్పట్లు మోగాయి. ఆ తర్వాత అధికారి పుస్తకం ఆవిష్కరించి, ఇలాంటి పిల్లలు ఊరికి కనీసం ఇద్దరైనా ఉండాలని ఆకాంక్షించారు. కౌసల్యకు శాలువా కప్పి, కత్తెర ఇచ్చి, మైకు ముందు నిలబెట్టారు. ఆమె కత్తెర చంకలో ఇరికించుకుని చేతులు జోడించింది.

"అందరికి దండాలు. నేను కోలుకున్ననని పుస్తకంల ఉన్నది. పుస్తకం అబద్ధం కావద్దు. లోపటికి పోత. గని మొదలు నేనొక్కదాన్నే పోవాల్నంటే కాళ్లు ఒణుకుతున్నయి. పెద్దలందరు ముందుగాల పోయి కూసోండ్రి. మీరు కూసున్నంక ఎనుక నేనొస్త."

న్యాయమైన కోరికే. సభ హర్షం వెలిబుచ్చింది. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

అధికారి గొంతు సవరించుకుని, తమకు కొత్త సున్నం వాసన పడదని, వైద్యులు వద్దన్నారని సెలవిచ్చారు. పిల్లల కోసం కట్టిన గదిలో పిల్లలకంటే ముందు పెద్దలు అడుగుపెట్టడం మర్యాద కాదని పటేలు సిద్ధాంతం చేశారు. ఆయన ఇంకా ముందుకు పోయి, కట్టినవాడు కూర్చోరాదన్న ఆచారం కూడా ఒకటి ఉందన్నారు. బాలనర్సయ్య సారు గుమ్మం దాకా పోయి, అలవాటు కొద్దీ అక్కడే ఆగిపోయారు.

అంతలో వాన దంచింది. శామియానా పొట్ట నిండి ఒక పక్కకు ఒరిగింది. ఎదుట పది అంగల్లో కొత్త గది, తడవని కుర్చీలు, పళ్లేల్లో మిఠాయిలు. ముఖ్య అతిథులు నెత్తిన తలా ఒక నవల పెట్టుకుని వానలో నిలబడ్డారు. జైపాల్ గారు ఒక్కరే గది దగ్గరికి నడిచారు. గడపలో కాలు పెట్టి పైకి చూశారు. కప్పు మూలన గులాబి రంగు మీద తడి మరక చిన్నగా, తర్వాత పళ్లెమంతగా పెరుగుతోంది. ఆయన కౌసల్య వైపు తిరిగారు. ఏదో అనబోయారు. బావ గారి చూపు తగిలింది. తిరిగి వచ్చి, తడుస్తూనే మైకు పట్టుకుని చివరి ప్రకరణం చదివారు: "ఆమె తల ఎత్తి, చిరునవ్వుతో, గదిలోకి నడిచిపోయింది."

దాంతో కౌసల్య నడిచినట్టే భావించి కార్యక్రమం ముగిసినట్టు అధ్యక్షులు ప్రకటించారు.

సోమవారం ఆ గదిని ఆరో తరగతికి కేటాయించారు. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వరసగా వచ్చారు. గుమ్మానికి అడ్డంగా కర్ర చాపుకుని తారి కూర్చుని ఉంది, పక్కన కౌసల్య నిలబడి ఉంది.

"మొన్న మిఠాయిలు లోపటుంటె ఆఫీసరే లోపటికి పోలే. ఏ మిఠాయి ఉందని మీరు పోతున్నర్రా?" అంది తారి.

ఆరో తరగతి అంటే లెక్కలు బాగా వచ్చే వయసు. పిల్లలు మైదానంలోకి పోయి వేపచెట్ల కింద కూర్చున్నారు. కౌసల్య వాళ్లకు ఎక్కాలు అందించింది, పదిహేడోది తారి సరిదిద్దింది. బెత్తం చూపినా, బతిమాలినా ఎవరూ లేవలేదు. బాలనర్సయ్య సారు ఆలోచించి దానికి 'ప్రకృతి ఒడిలో విద్య' అని పేరు పెట్టారు. పై అధికారులు మెచ్చుకుని పొరుగు పాఠశాలలకు కూడా సిఫారసు చేశారు. ఖాళీగా ఉన్న గులాబి గదిలో నవల మిగులు ప్రతులు పెట్టారు.

నవలకు బహుమతి వచ్చింది. జైపాల్ గారికి జనగామలో ఊరేగింపు జరిపారు. ముందు ఈల ఊదే బృందం వద్దని ఆయన పట్టుబట్టారని, అది నిరాడంబరత అని చెప్పుకున్నారు. గట్లకుంటకు ఆయన మళ్లీ రాలేదు.

కౌసల్య మాత్రం ఆ చలికాలమూ వాకిట్లోనే పడుకుంది. ఎండాకాలమూ అంతే. మరో వానాకాలం వచ్చింది. ఒకనాడు బడి విడిచాక, బహుమతి నవల పరువు కోసం పటేలు ఇంకా నడుపుతున్న టాపు లేని జీపెక్కి, తారి వెంట తండాకు పోయింది. తారి తల్లి గోరీ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ ఏదో విషయం మీద, బహుశా డ్రిల్లు సారు మీసాల మీద, పడీ పడీ నవ్వుతున్నారు. గోరీ వేడి రొట్టె చేతిలో పెట్టింది. కౌసల్య రొట్టె తింటూ, నవ్వుతూ, సగం తిన్నాక తారి ముఖం చూసి ఆగింది.

"ఏందే గట్ల చూస్తున్నవ్?"

"నువ్వు లోపటున్నవే" అంది తారి.

కౌసల్య పైకి చూసింది. గడ్డి కప్పు. వాన చప్పుడు.  లేచిపోదామనుకుంది.

"గడ్డే. మీద పడితే దులుపుకుందాం. రొట్టె సల్లగైతది, తిను" అంది తారి.

కౌసల్య తిన్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి, తలుపు తెరిచి పెట్టమని చెప్పి, గడప లోపలి పక్కన చాప వేసుకుంది. సోమక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, పిల్లకు వినపడకుండా. ఎవరూ రాసుకోలేదు. శాలువాలు కప్పలేదు.

ఆ ఏడు జైపాల్ గారి నవలను పదో తరగతికి ఉపవాచకం చేశారు. అర్ధ సంవత్సర పరీక్షలో పది మార్కుల ప్రశ్న వచ్చింది: 'కౌసల్య భయమును ఎట్లు జయించినది? ఐదు కారణములు వ్రాయుము.' తారి గైడులో ఉన్నట్టు పెద్దల హితబోధ, గుత్తేదారు ఔదార్యం, దృఢ సంకల్పం వగైరా ఐదూ రాసి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. "మస్తు జయించినవే నువ్వు" అని కౌసల్యను మెచ్చుకుంది కూడా.

కౌసల్య ఒకే కారణం రాసింది: 'వాన వచ్చినది. తారి నవ్వించినది. రొట్టె వేడిగా ఉండెను. లోపల ఉన్న సంగతి నాకు తెలియలేదు.'

బాలనర్సయ్య సారు ఆ జవాబు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకుని, పాఠ్యాంశమునకు సంబంధము లేదు అని ఎర్ర సిరాతో రాసి సున్నా చుట్టారు. ఆ పత్రాలు ఆయన ఎండలో, గొడుగు వేసుకుని, మైదానం మధ్యన కూర్చుని దిద్దారు. ఉపాధ్యాయుల గదిని కట్టించింది కూడా హన్మంత్ పటేలే.